వంగిన వెండి కాసు

ఇది కథ కాదు. మా అమ్మాయి మీద ఒట్టు వేసి చెబుదామంటే, ఆ పిల్లని ఇందులోకి లాగడం నాకిష్టం లేదు. అందుకని నా మీదే ఒట్టు. నమ్మితే నమ్మండి, లేకపోతే ఆ టీ తాగేసి లేచి వెళ్ళండి... కానీ మధ్యలో నవ్వొద్దు. ఆ రోజు తలుచుకుంటే నాకు భయం కన్నా ముందు కోపం వస్తుంది. మీరు నవ్వితే ఆ కోపం మీ మీదికి తిరుగుతుంది.

ఇది జరిగింది రాత్రి. రాత్రి అనగానే మీరు అర్ధరాత్రి అనుకుంటారు. కాదు. అప్పటికి ఎవరిళ్ళలోనూ వంట కూడా అయి ఉండదు. కానీ జనవరిలో ఐర్లండ్ సంగతి తెలుసు కదా... మధ్యాహ్నం తిన్న కంచం కడిగేలోపు చీకటి పడిపోతుంది. ఇక తెల్లారేదాకా అంతా రాత్రే.

అప్పుడు మేం నేవన్ అనే ఊళ్ళో ఒక కొత్త ఎస్టేట్‌లో ఉండేవాళ్ళం. ఎస్టేట్ అంటే జమీందారీ కాదు లెండి. ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళ వరసలు. అంతకు ముందు అది గొర్రెలు మేసే పొలమట. మా ఆయన శ్రీధర్‌కి డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కరోనాతో ఇంట్లోంచే పని. నేను మందుల ఫ్యాక్టరీలో ల్యాబ్‌లో చేస్తాను. ఏది ముట్టుకోవాలి, ఏది ముట్టుకోకూడదు... అదే నా ఉద్యోగం. మా అమ్మాయి మేఘన అప్పుడు ప్రైమరీ స్కూల్లో ఉంది.

మొదటి లాక్‌డౌన్‌లో మా ఆయనకి గోంగూర పిచ్చి పట్టింది. ఇండియన్ షాపు దూరం. రోడ్డు మీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కార్లు ఆపి ఎక్కడికి అని అడుగుతున్నారు. పెరట్లో నేనే పండిస్తాను అన్నారు.

"ఈ చలికి గోంగూర రాదండీ. దానికి ఎండ కావాలి."

"నువ్వు చూస్తూ ఉండు."

తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, ఆ మనిషితో ఎప్పుడూ ఇంతే. పెరడంతా తవ్వారు. బిల్డర్ పారేసిన ఇటుక ముక్కలు వచ్చాయి, ప్లాస్టిక్ పైపు ముక్కలు వచ్చాయి. గోంగూర మాత్రం రాలేదు. ఆ తవ్వకంలోనే దొరికింది ఆ కాసు.

బొటనవేలి గోరంత ఉంది. నల్లగా, రేకులాగా పల్చగా. సరిగ్గా నడిమికి వంగి ఉంది. చింతపండు పెట్టి తోమాను. అలా తోమకూడదని నాకు తర్వాత తెలిసింది. నలుపు పోతూ ఉంటే... ఒక మొహం పైకి వచ్చింది. చిన్నపిల్లలు గీసినట్టు ఉంది. రెండు గుండ్రటి కళ్ళు, చెవుల దగ్గర ఉంగరాల జుట్టు, నెత్తిన కిరీటం. వెనక్కి తిప్పితే అంచు దాకా ఒక సిలువ, దాని మూలల్లో మూడేసి చుక్కలు. అంచు గుండ్రంగా లేదు, ఎవరో చేత్తో తుంచినట్టు ఉంది.

మా ఆయన ఫోటో తీసి నాణేల పిచ్చివాళ్ళ గ్రూపులో పెట్టారు. ఇంగ్లాండ్ నుంచి ఒక పెద్దాయన జవాబిచ్చాడు. అది ఎడ్వర్డ్ అనే రాజు నాటి వెండి పెన్నీ. అప్పట్లో ఇంగ్లీషు రాజులు ఈ పక్కంతా ఏలేవారు కాబట్టి ఇక్కడ దొరకడం వింతేమీ కాదు. మిషను లేదు, రెండు అచ్చుల మధ్య వెండి రేకు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చేసేవాళ్ళు. ఆ వంపు మాత్రం నాగలి తగిలి వచ్చింది కాదు. కావాలని వంచారు. ఇంట్లో ఎవరైనా మంచం పడితే, ఆ మనిషి దగ్గర నిలబడి, ఒక మహాత్ముడి పేరు తలుచుకుని, నాణెం వంచేవాళ్ళట. జబ్బు నయమైతే ఆ వంచిన నాణెం ఆయన సమాధి దగ్గర ఇచ్చి రావాలి. వంచిన నాణెం ఇక ఖర్చు పెట్టకూడదు, అది దేవుడిది.

"అంటే వీళ్ళ ముడుపన్నమాట," అని మా ఆయన నవ్వారు.

నేను నవ్వలేదు. పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుడి దగ్గర పెట్టిన ఇంట్లో పుట్టినదాన్ని. ఇది మన పెరట్లో దొరికిందంటే, ఆ మొక్కు చెల్లలేదన్నమాట. ఇచ్చి రావాల్సినవాళ్ళు వెళ్ళలేకపోయారు. ఎందుకు వెళ్ళలేదో ఆలోచిస్తే నాకు బాగా అనిపించలేదు.

మేఘన ఒకటే మాట అంది. "డాడ్, యూ హావ్ టు హ్యాండ్ ఇట్ ఇన్. టీచర్ సెడ్." ఇక్కడ నేలలో దొరికిన పాతవస్తువు ఏదైనా మ్యూజియానికి చెప్పాలి, అది చట్టం. పిల్లకి తెలిసింది తండ్రికి తెలియదా? తెలుసు. "అన్నీ మూసేసి ఉన్నాయి కదమ్మా, తెరిచాక చూద్దాం" అని తన మంచం పక్క సొరుగులో పడేశారు. అక్కడే ఉంది, చలికాలం దాకా.

ఇప్పుడు నా కోపం సంగతికి వస్తాను.

క్రిస్మస్ అయ్యాక కేసులు పెరిగిపోయాయి. ఎవరింటికీ వెళ్ళొద్దన్నారు. నేను ల్యాబ్‌లో రెండు మాస్కులు, గ్లవ్స్ వేసుకుని, ఇంటికొచ్చి గుమ్మంలోనే బట్టలు మార్చుకుని, పిల్లని కూడా స్నానం చేశాకే దగ్గరికి తీసుకుంటున్నాను. ఈయన పాలు తెస్తానని వెళ్ళి, వెనక వీధిలో స్నేహితుడింట్లో పేకాట ఆడి వచ్చారు. ఒకసారి కాదు. ఆ ఇంట్లో అందరికీ వచ్చాక ఈయనకీ వచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? కడగాల్సింది మాత్రం నేను.

ఆయన్ని పై గదిలో పెట్టాను. బాత్రూం లోపలే ఉంది. గడియ వేసుకోమన్నాను, లేకపోతే మేఘన నిద్రలో లేచి నాన్న పక్కన దూరిపోతుంది. గుమ్మం దగ్గర కంచం పెట్టి, తలుపు కొట్టి, నేను మెట్ల కింద దాకా వెళ్ళాక ఆయన తలుపు తెరిచి తీసుకునేవారు. దగ్గు వినిపించేది. మూలుగు వినిపించేది. జ్వరంతో ఒళ్ళు కాలుతుంటే మనిషి పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేయడం... అదొక్కటే కదా మనకు చేతనైన వైద్యం. అది కూడా లేదు. నాకు ఆస్తమా ఉంది. నేను కూడా పడితే మేఘనకి ఎవరు? తిట్టుకుంటూ కంచం పెట్టేదాన్ని, తిట్టుకుంటూ కంచం కడిగేదాన్ని.

జీపీ, అంటే మేం చూపించుకునే డాక్టరు, ఫోన్లోనే మాట్లాడాడు. వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మిషను అంకె బాగా కిందికి దిగితే వెంటనే అంబులెన్సుకి చెయ్యమన్నాడు. అంకె రోజూ కొంచెం కొంచెం దిగుతోంది.

ఆ రోజు పొద్దున డండాక్ నుంచి పార్వతి ఆంటీ వీడియో కాల్ చేశారు. వరంగల్ ఆవిడ. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఎవరికి తుమ్ము వచ్చినా ఆవిడకి తెలిసిపోతుంది.

"బిడ్డా, ముడుపు కట్టినవా లేదా?"

"ఇంట్లో రూపాయి బిళ్ళ లేదాంటీ. యూరో కడదామంటే మనసు ఒప్పట్లేదు."

మా ఆయన కూడా తన ఫోన్‌లోంచి కాల్‌లో ఉన్నారు. దగ్గుతూనే మధ్యలోకి వచ్చారు. "వెండి కాసు ఉందిగా నా దగ్గర. అది కట్టు." అని సొరుగులోంచి తీసి కెమెరాకి చూపించారు.

"అయ్యో, గది వంకరున్నది కదయ్యా. వంకర పైస దేవునికి కడ్తరా? సాపుగున్నది చూస్కోన్రి."

"వంకరైతే సాపు చేస్తే పోయింది. కుక్కతోక కాదుగా."

ఆంటీ ఫోన్ పెట్టేశారు. నేను పరుగెత్తుకుంటూ మెట్లెక్కాను. అప్పటికే ఆయన బయటికి వచ్చి, మెట్ల మీది ప్రెస్‌లో, అదే గోడ అల్మారాలో, కటింగ్ ప్లయర్ తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు. తలుపు ఇవతలి నుంచి అరిచాను.

"వద్దండీ. అది ఎవరిదో మొక్కు. ఎవరో మంచం పట్టినవాళ్ళ కోసం వంచింది. మన ముడుపు ఎవడో విప్పి వాడుకుంటే మనం ఊరుకుంటామా?"

"వాణీ, ల్యాబ్‌లో పని చేసేదానివి నువ్వు. ఎన్ని వందల ఏళ్ళ నాటి మొక్కే అది... ఇంకా చెల్లుతుందా?"

"తెలిసి తెలిసీ ఎందుకండీ?"

లోపల... టిక్.

చిన్న చప్పుడు. మెటికలు విరిచినట్టు. అంతే.

ఫోన్‌కి ఫోటో వచ్చింది. దుప్పటి మీద కాసు. చదునుగా, బల్లపరుపుగా. రాజు మెడ మీదుగా ఒక తెల్లటి గీత, మడత విప్పిన చోట. కింద 'ఇప్పుడు కట్టు' అని రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు అక్కర్లేదు, మీరే ఉంచుకోండి అని మెసేజ్ పెట్టాను. చూశారా? చీకటి పడేదాకా మా ఇద్దరి మధ్య ఇక అదే చివరి మాట.

మధ్యాహ్నం తిన్న కంచంతో పాటు ప్లయర్ కూడా గుమ్మం బయట పెట్టారు. కంచం తీసుకెళ్ళాను. ప్లయర్ అక్కడే వదిలేశాను. ఇది గుర్తు పెట్టుకోండి.

చీకటి పడింది. కింద మేఘన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో ఆట ఆడుకుంటోంది. నేను స్టవ్ మీద చారు పెట్టాను. పైనుంచి పిలుపు వచ్చింది. పిలుపు కూడా కాదు... గాలి.

"వాణీ... అందట్లేదే..."

పరుగెత్తాను. "అంకె ఎంత ఉంది?" అన్నాను. చెప్పారు. డాక్టరు చెప్పినదాని కన్నా కిందికి దిగిపోయింది. అంబులెన్సుకి ఫోన్ చేశాను. వస్తున్నాం, కానీ అన్ని బళ్ళూ బయట ఉన్నాయి, ఆలస్యం కావచ్చు, పక్కనే ఉండండి అన్నారు. పక్కనే ఉండాలట. మధ్యలో గడియ వేసిన తలుపు ఉంది.

"గడియ తీయండి. ఇక మాస్కూ లేదు, ఏమీ లేదు, నేను లోపలికి వస్తాను. గడియ తీయండి."

లేవబోయిన చప్పుడు. మంచం కిర్రుమంది. మళ్ళీ పడిపోయిన చప్పుడు. భుజంతో తోశాను. తలుపు కదల్లేదు. కాలితో తన్నాను. గట్టి తలుపు. తిట్టాను. ఆయన్ని, ఆ పేకాట ఇంటిని, ఆ గోంగూరని... అన్నిటినీ తిట్టాను. లోపల దగ్గు ఆగిపోయింది.

దగ్గు ఆగితే మంచిదనుకుంటారు. కాదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

తలుపుకి చెవి ఆనించాను...

ముందు వాసన వచ్చింది. కొవ్వు కరిగిన వాసన. వేట మాంసం కడిగిన చేతికి ఉంటుందే, ఆ వాసన, కొంచెం కాలినట్టు. మా ఇంట్లో మాంసం వండి నెల దాటింది. కిందికి చూశాను. తలుపు కింద సందులోంచి వెలుతురు. లోపల లైటు ఆర్పేసి ఉంది, ఇందాక ఆ సందు చీకటిగానే ఉంది. ఈ వెలుతురు పసుపుపచ్చగా ఉంది. కదులుతోంది. సన్నగా అయి... మళ్ళీ పెరిగి...

తర్వాత గొంతు వినిపించింది.

ఆడగొంతు. చాలా మెల్లగా. తెలుగు కాదు. ఇంగ్లీషూ కాదు, ఇక్కడివాళ్ళ ఐరిషూ కాదేమో. అవే మాటలు... ఆగి... మళ్ళీ అవే మాటలు. రోగి మంచం పక్కన కూర్చుని ఎంతసేపటి నుంచో అంటున్నట్టు. అలిసిపోయిన గొంతు. మధ్యలో ఒక్కచోట మాత్రం గొంతు కొంచెం పైకి లేస్తుంది. అది పేరు అని నాకనిపించింది. ఎవరినైనా పేరు పెట్టి పిలిచేటప్పుడు గొంతు అలాగే లేస్తుంది.

ఫోన్లో ఏదో పెట్టుకున్నారేమో అనుకున్నాను. ఆయన నంబర్ కొట్టాను. లోపల ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. ఫోన్ మోగుతుంటే దాంట్లో వచ్చే మాటలు ఆగిపోవాలి కదా? ఆగలేదు. ఆ రింగు కిందినుంచే, అదే మెల్లటి గొంతు...

మీకు నిజం చెప్పనా? అప్పుడు నాకు భయం వేయలేదు. ఎవత్తెవి నువ్వు అనిపించింది. నా ఇంట్లో, నా మొగుడి మంచం దగ్గర, నేను ఇవతల తల బాదుకుంటుంటే... నువ్వు లోపల ఎలా ఉన్నావు? అదే అరిచాను. "ఎవరది? తలుపు తియ్యి" అని అరిచాను, తెలుగులోనే.

గొంతు ఆగింది.

మళ్ళీ తలుపుకి చెవి ఆనించాను.

టిక్.

పొద్దున విన్న చప్పుడే. సరిగ్గా అదే. నా చూపు నా కాళ్ళ దగ్గరికి పోయింది. ప్లయర్ అక్కడే ఉంది, నా పాదం పక్కన. వాసన పోయింది. తలుపు కింద వెలుతురు పోయింది. ఫోన్ మోగడం ఆగింది. లోపల పెద్దగా ఒక ఊపిరి, నీళ్ళలోంచి తల పైకెత్తిన మనిషి తీసినట్టు. తర్వాత దగ్గు. ఆ దగ్గు విని ఏడ్చేశాను.

కాసేపటికి గడియ చప్పుడైంది. ఆయనే లేచి తీశారు, గోడ పట్టుకుని. లైటు వేశాను. గదిలో ఎవరూ లేరు. కిటికీ మూసి ఉంది. ఆయన మొహం నిండా చెమట, జ్వరం దిగిన చెమట. నన్ను చూసి విసుక్కున్నారు.

"చెయ్యి తీసేశావేం? చల్లగా బాగుంది."

"ఏ చెయ్యి?"

"నీ చెయ్యే. నుదుటి మీద ఇంతసేపూ పెట్టావుగా. ఏదో పేరు కూడా పిలుస్తున్నావు."

"ఏం పేరు?"

ఆలోచించారు. "నా పేరు కాదు," అన్నారు. అంతకన్నా గుర్తు లేదన్నారు.

దిండు పక్కన కాసు ఉంది. వంగి ఉంది.

అంబులెన్సువాళ్ళు వచ్చారు. ముసుగులు, గౌన్లు వేసుకుని మెట్లెక్కారు. వేలికి మిషను పెట్టారు, మళ్ళీ పెట్టారు. అంకె బాగానే ఉంది. "హీ ఈజ్ గ్రాండ్ నౌ," అంది వాళ్ళలో ఒకావిడ. ఇక్కడ గ్రాండ్ అంటే బాగున్నాడని. ఒక్కోసారి మిషను తప్పు చూపిస్తుందని కూడా చెప్పింది. మేఘన హెడ్‌ఫోన్స్ తీసి పైకి చూసింది. దానికి ఏమీ వినిపించలేదట. నేను తలుపు తన్నింది కూడా వినిపించలేదట.

నేనూ సైన్సు చదివినదాన్నే. అన్నీ ఆలోచించాను. జ్వరంలో ఆయనే వేళ్ళతో వంచి ఉంటారు. వాసన పక్కింటి వంటది అయి ఉంటుంది. గొంతు నా భయం. మిషను తప్పు. ఒక్కొక్కటి విడిగా చెబితే అన్నిటికీ జవాబుంది. అన్నీ ఒకేసారి, ఒకే తలుపు వెనకాల ఎలా జరుగుతాయో దానికి మాత్రం లేదు.

అన్నీ తెరిచాక కాసుని మ్యూజియానికి ఇచ్చేశాం. నేనే పట్టుబట్టి తీసుకెళ్ళాను. అక్కడ ఒకాయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. మా ఆయన నేరం ఒప్పుకున్నట్టు, మధ్యలో ఒకసారి సాపు చేశానని చెప్పారు. ఆ మ్యూజియం ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంత పాత వెండి పెళుసుగా ఉంటుందట. సాపు చేసి మళ్ళీ వంచితే పగులుతుంది, కనీసం గీత పడుతుంది. దీని మీద గీత లేదు. దీన్ని వంచింది ఒక్కసారే, చాలా పాతకాలంలో. ఫోన్లో ఫోటో చూపించాం. చూసి మర్యాదగా నవ్వాడు. "ఇది వేరే నాణెం అయి ఉంటుంది," అన్నాడు. మా దగ్గర వేరే నాణెం ఎక్కడిది?

ఇప్పుడు మా ఆయన పార్టీల్లో ఈ కథ ఎలా చెబుతారో తెలుసా? "ఐసొలేషన్ లేదు, ఏం లేదు, మా ఆవిడ ఆగలేక లోపలికి వచ్చేసి నుదుటి మీద చెయ్యి పెట్టింది" అని. అందరూ ముచ్చటపడతారు. నేను పెట్టలేదు. ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నేను బయటే ఉన్నాను. పెట్టాలని చచ్చేంత ఉండి కూడా, పెట్టకుండా ఉన్నాను. ఆ కష్టం కూడా నాది కాకుండా పోయింది.

తలుపు వెనక మాట్లాడిన ఆవిడ సంగతి కూడా ఆలోచిస్తాను. ఆ పొలంలో ఏ గుడిసెలోనో, కొవ్వు దీపం ముందు కూర్చుని, తన మనిషి కోసం వంచి ఉంటుంది. ఆవిడ పిలిచింది ఆ మనిషినే, మా ఆయన్ని కాదు. మరి ఆ మొక్కు మా ఆయనకి ముట్టిందా? ముట్టి ఉంటే... ఆ మనిషికి ఏమైనట్టు? ఈ మాట మా ఆయన్ని అడిగితే టీవీ సౌండు పెంచుతారు. వద్దన్నా వినకుండా, తెలిసి తెలిసీ దాన్ని సాపు చేసిన మనిషి.

మొన్న బూస్టర్ వేయించుకున్నాక ఆయనకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. ఈసారి తలుపులు లేవు, మాస్కులు లేవు. పక్కన కూర్చుని నుదుటి మీద నా చెయ్యి పెట్టాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. మగతలో తల కొంచెం పక్కకి తిప్పి, విసుగ్గా అన్నారు...

"ఇది కాదు."

నేను చెయ్యి తీయలేదు. ఇంకా గట్టిగా పెట్టాను.